పేరు ఒకటే... సవరణ వేరు!

గత మాసం ఒక సాయంకాలం మా పూర్వ విద్యార్థి ఒకరు మమ్మల్ని కలుసుకోవడానికి వచ్చారు. ఆయన పట్టణంలో కంప్యూటర్ల మరమ్మతు దుకాణం నడుపుకుంటున్నారు. చేతిలో పాత మిఠాయి డబ్బా ఒకటి ఉంది. మూత తీసి చూపితే, లోపల నల్లని స్పాంజి ముక్క మీద వరుసగా గుచ్చిన పన్నెండు పాత ప్రాసెసర్లు కనిపించాయి. కొన్ని బూడిదరంగు పింగాణీవి, కొన్ని ఊదారంగువి, ఒకటి రెండింటికి బంగారు పూత మూతలు.

‘సాబ్, పాత సామాను కొనేవారు వీటిని తూకం లెక్కన అడుగుతున్నారు. సేకరించి దాచుకునేవారు విడివిడిగా కొంటామంటున్నారు. భాగహారంలో తప్పు చేసే పెంటియం ఉంటే ఎక్కువ ధర ఇస్తానని ఒకాయన ఫోన్ చేశారు. నా దగ్గర పెంటియం 90లు రెండున్నాయి. రెండింటి మీదా పేరు ఒకటే. రెండూ ఆ రకమేనని రాసి పంపనా?’ అని అడిగారు.

‘పేరు చూసి ఆ మాట చెప్పలేము బేటా. ముందు వాటి మీది రాత మొత్తం చదువుదాం’ అన్నాము. ఆ సాయంకాలం మేము కూర్చుని చదివిన సంగతులే ఈ మాసపు వ్యాసం. ఇంట్లో అటక మీద పాత కంప్యూటర్ ఉన్న పాఠకులకు ఇది అక్కరకు రావచ్చు.

పేరులోని భాగాలు

ప్రాసెసర్ మీది రాతను ఒకే పేరుగా చదివేయడం మనలో చాలామంది చేసే పొరపాటు. ఉదాహరణకు ఆ డబ్బాలోని ఒకదాని మీద ‘ఏ80486డీఎక్స్2-66’ అని ఉంది. ఇందులో మొదటి అక్షరం చిప్పు ఏ తొడుగులో ఉందో చెబుతుంది. ఇంటెల్ సంస్థ ఆనాటి లెక్కలో ‘ఏ’ అంటే అడుగున సూదుల వంటి కాళ్లు బారులు తీరిన పింగాణీ తొడుగు. ‘పీ’ అంటే రెండు పక్కలా కాళ్లున్న ప్లాస్టిక్ తొడుగు. తర్వాతి అంకెలు జాతిని, వాటి వెంట ఉన్న అక్షరాలు శాఖను, చివరి అంకె మెగాహెర్ట్‌జ్‌లలో వేగాన్ని తెలుపుతాయి.

శాఖను తెలిపే అక్షరాలను తేలికగా తీసుకోరాదు. 1989లో వచ్చిన 486డీఎక్స్‌లో దశాంశ గణితం చేసే విభాగం ఉంది. 1991లో వచ్చిన 486ఎస్ఎక్స్‌లో అది పనిచేయదు. ఆ విభాగం కావాలనుకున్నవారికి 487ఎస్ఎక్స్ పేరుతో మరో చిప్పును అమ్మారు. నిజానికి అది కాళ్ల అమరిక కాస్త మార్చిన పూర్తి 486డీఎక్స్. దాన్ని బోర్డులో పెట్టగానే పాతది పని మానేస్తుంది, కొత్తదే మొత్తం బరువు మోస్తుంది.

పేరులోని అంకెను నమ్మి మోసపోయే చోట్లూ ఉన్నాయి. సైరిక్స్ సంస్థ 486డీఎల్‌సీ అనే చిప్పు 386డీఎక్స్ కోసం చేసిన గూటిలోనే కూర్చుంటుంది. ఏఎమ్‌డీ వారి 5ఎక్స్86 పేరు అయిదో తరానిదిగా వినిపించినా, లోపల అది 486 జాతిదే. సైరిక్స్ 6ఎక్స్86 మీద ‘పీ200+’ అని ఉంటే అది 200 మెగాహెర్ట్‌జ్ వేగం కాదు. దాని అసలు వేగం 150. ఆ అంకె పెంటియంతో పోల్చి సంస్థ తనకు తాను వేసుకున్న మార్కు.

సంవత్సరం చిక్కు

చిప్పు మీద సంవత్సరాలు కనిపిస్తే అది పుట్టిన ఏడు అదేనని అనుకోవడం రెండో పొరపాటు. వృత్తంలోని అక్షరాల పక్కన ఉండే ఏళ్లు నమూనాపై సంస్థకున్న హక్కును చాటేవి. తయారైన కాలం వేరే పంక్తిలో దాగి ఉంటుంది. అనేక సంస్థలు దాన్ని నాలుగంకెల్లో రాస్తాయి: 9336 అంటే 1993వ సంవత్సరం, 36వ వారం. ఇంటెల్ వారి పొడవాటి వరుసలో మొదటి అక్షరం కర్మాగారం ఉన్న చోటు, రెండో అంకె ఏడాది చివరి అంకె, ఆ తర్వాతి రెండూ వారం. ‘ఎల్433’ అని మొదలైతే మలేషియాలో, 4తో ముగిసే ఏడాదిలో, 33వ వారంలో అని అర్థం. అది 1984వ సంవత్సరమా, 1994వ సంవత్సరమా అన్నది ఆ జాతి ఎప్పుడు పుట్టిందో తెలిస్తే తేలిపోతుంది. 486 మీద ఆ రాత ఉంటే 1984 కావడానికి వీల్లేదు.

అయితే హక్కును చాటే ఏళ్లు బొత్తిగా పనికిరానివని కూడా అనలేము. 1979లో వచ్చిన 8088 చిప్పును తీసుకోండి. 1981లో ఐబీఎమ్ తన తొలి పర్సనల్ కంప్యూటర్‌లో వాడినది ఇదే. పని మధ్యలో అంతరాయం వచ్చినప్పుడు, తిరిగి ఎక్కడికి రావాలో ప్రాసెసర్ ఒక చోట గుర్తు రాసిపెట్టుకుంటుంది. ఆ చోటి చిరునామాను మార్చాలంటే రెండు ముక్కలుగా మార్చాలి. మొదటి ముక్క మార్చిన వెంటనే, రెండోది మార్చేలోగా అంతరాయం చొరబడకూడదు. తొలి 8088లు ఈ కాపలా కాయలేదు. చొరబాటు జరిగితే గుర్తు తప్పుడు చోట పడి యంత్రం దారి తప్పేది. తర్వాత ఈ దోషాన్ని సరిదిద్దారు. పేరు మారలేదు, వేగం మారలేదు. పైన 78 అని మాత్రమే ఉంటే పాతది. 78 పక్కన 81 కూడా ఉంటే సరిదిద్దినది. రెండంకెల తేడాయే మనకు మిగిలిన ఆనవాలు.

దోషాన్ని వీపు మీదే రాసిన కాలం

ఇలా పేరు మార్చకుండా లోపలి నమూనాలో చేసే సవరణను ఆ రంగంలో ‘స్టెప్పింగ్’ అంటారు. ఏ0, బీ1 వంటి గుర్తులతో లెక్కిస్తారు. అక్షరం మారితే పెద్ద మార్పు, అంకె మారితే చిన్న మార్పు. ఒక్కో స్టెప్పింగ్ వెనుక ఎవరో ఒకరు కనిపెట్టిన తప్పు, మరెవరో చేసిన దిద్దుబాటు ఉంటాయి.

డబ్బాలోని 386 చిప్పు మీద మా శిష్యుడు గమనించని గుర్తు ఒకటి ఉంది: పక్కపక్కన రెండు సిగ్మా అక్షరాలు. 386 వెలువడింది 1985లో. తొలి చిప్పుల్లో కొన్ని, 32 బిట్ల పెద్ద సంఖ్యలను గుణించేటప్పుడు ఒక్కోసారి తప్పు జవాబు ఇచ్చేవి. వేడి, విద్యుత్ పీడనం, ఆ సంఖ్యల తీరు కలిసివస్తేనే తప్పు బయటపడేది. 1987లో ఇది తెలిశాక ఇంటెల్ వారు చిప్పులను పరీక్షించి వేరుచేశారు. నెగ్గినవాటి మీద రెండు సిగ్మాలు ముద్రించారు. ఓడినవాటి మీద ‘16 బిట్ల సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే’ అని ఇంగ్లీషులో రాసి అమ్మారు. ఏ గుర్తూ లేకపోతే అది పరీక్షకు ముందే బయటికి వెళ్లినదన్నమాట.

ఈ సంగతి మాకు ఎంతో నచ్చింది. సరుకులో లోపముంది, ఆ లోపాన్ని సరుకు మీదే రాసి కొనేవాని ముందు పెట్టారు. కొనాలా, మానాలా అన్న నిర్ణయం అతని చేతిలోనే ఉంది.

పెంటియం ఉదంతం

అదే సంస్థ ఏడేళ్ల తర్వాత అలా చేయలేదు. 1993లో పెంటియం వచ్చింది. భాగహారాన్ని త్వరగా చేయడానికి అందులో ఒక పట్టికను పొందుపరిచారు. ఆ పట్టికలో అయిదు గదులు పొరపాటున ఖాళీగా మిగిలిపోయాయి. కొన్ని ప్రత్యేక సంఖ్యల విషయంలో మాత్రమే జవాబు తప్పేది. అమెరికాలోని వర్జీనియాలో గణితాచార్యులైన థామస్ నైస్లీ 1994లో ప్రధాన సంఖ్యలపై పరిశోధన చేస్తూ తన లెక్క ఎందుకు కుదరడం లేదని వెతికి వెతికి, తప్పు ప్రాసెసర్‌లోనే ఉందని తేల్చారు. అక్టోబరులో సంస్థకు తెలిపి, తర్వాత తోటివారికీ రాశారు. సంస్థకు ఆ దోషం ఆ ఏడాది అంతకుముందే తెలుసు. కొత్త స్టెప్పింగ్‌లో దిద్దడం మొదలుపెట్టి ఊరకుంది.

మామూలుగా లెక్కలు చేసుకునేవారికి 27,000 సంవత్సరాలకు ఒకసారి ఈ తప్పు ఎదురవుతుందని సంస్థ వాదించింది. 24 రోజులకొకసారి ఎదురుకావచ్చని ఐబీఎమ్ లెక్క కట్టింది. అవసరమని నిరూపించుకున్నవారికే మార్చి ఇస్తామన్న మాట మీద జనం మండిపడ్డారు. చివరికి డిసెంబరు 20న, అడిగిన ప్రతివారికీ మార్చి ఇస్తామని సంస్థ ఒప్పుకుంది. అందుకైన ఖర్చు కింద 47.5 కోట్ల డాలర్లు లెక్క రాసుకుంది. తప్పు చిన్నదే కావచ్చు. జనాన్ని నొప్పించింది దాన్ని తమకు చెప్పకపోవడం.

యంత్రాన్నే అడుగుదాం

మా శిష్యుని రెండు పెంటియం 90లలో ఏది దిద్దినది, ఏది దిద్దనిది? ఇందుకు మూడు మార్గాలున్నాయి.

మొదటిది, ఎస్-స్పెక్ సంఖ్య. ఇంటెల్ చిప్పుల మీద ‘ఎస్’తో మొదలయ్యే అయిదు అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది: ఆ కాలం వాటిపై ఎస్ఎక్స్, ఎస్‌వై, తర్వాతి వాటిపై ఎస్ఎల్ వంటివి. జాతి, వేగం, స్టెప్పింగ్ మూడూ కలిసి ఆ ఒక్క గుర్తులో ఇమిడి ఉంటాయి. సంస్థ ప్రచురించిన పట్టికతో దాన్ని సరిపోల్చుకోవాలి. పెంటియంలలో ఇది అడుగు వైపు కూడా ఉంటుంది. ఆ గుర్తు పక్కన గీత పెట్టి మూడక్షరాలు రాసి ఉంటే మొదటిదాన్ని చూడండి. ‘ఎస్’ అయితే మామూలు వోల్టేజీ, ‘వీ’ అయితే కాస్త ఎక్కువది కావాలి. వోల్టేజీ విషయంలో అజాగ్రత్త తగదు. 5 వోల్టుల బోర్డులో 3.3 వోల్టుల 486డీఎక్స్4ను నేరుగా పెడితే అది కాలిపోవచ్చు.

రెండోది, సీపీయూఐడీ ఆదేశం. పెంటియంలోనూ, చివరి కాలపు 486లలోనూ ఇది ఉంది. యంత్రాన్ని ‘నీవెవరు?’ అని అడిగితే పన్నెండు అక్షరాల్లో తయారీదారు పేరు చెబుతుంది. ఇంటెల్ అయితే ‘జెన్యూన్‌ఇంటెల్’, ఏఎమ్‌డీ అయితే ‘ఆథెంటిక్‌ఏఎమ్‌డీ’, సైరిక్స్ అయితే చమత్కారంగా ‘సైరిక్స్‌ఇన్‌స్టెడ్’. ఆ వెంట కుటుంబం, నమూనా, స్టెప్పింగ్ అనే మూడంకెలు వస్తాయి. అంతకుముందరి 386 అయితే, యంత్రం మేల్కొన్న తొలి క్షణంలో ఒక రిజిస్టర్‌లో తన జాతినీ సవరణనూ ఉంచుతుంది. ఆ క్షణం దాటితే వేరే పని దాన్ని చెరిపేస్తుంది.

మూడోది, లెక్క చేయించడం. 4195835ను 3145727తో భాగించమనండి. 1.33382తో మొదలైతే సరైన జవాబు, 1.33373 వస్తే దోషమున్న చిప్పు. వచ్చిన భాగఫలాన్ని మళ్లీ 3145727తో గుణించి, మొదటి సంఖ్య నుంచి తీసివేస్తే సున్నా మిగలాలి. దోషమున్నది 256 మిగులుస్తుంది.

మరుసటి రోజు మా శిష్యుడు దుకాణంలోని పాత బోర్డులో రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూసి ఫోన్ చేశారు. ఒకటి 5-2-2 అని చెప్పింది, లెక్కలో 256 మిగిల్చింది. రెండోది 5-2-5 అని చెప్పింది, సున్నా తేల్చింది. ఒకటి దిద్దనిది, ఒకటి దిద్దినది!

చెరిపిన రాతలు

డబ్బాలో మరొకటి మమ్మల్ని ఆలోచింపజేసింది. పైభాగం అస్వాభావికంగా నున్నగా ఉంది. పైన ఒక వేగం, అడుగున దానికి పొందని గుర్తు. 1990వ దశకంలో తక్కువ వేగపు చిప్పుల రాతను అరగదీసి, ఎక్కువ వేగపు అంకెను ముద్రించి అమ్మిన మోసగాళ్లు ఉండేవారు. కొన్నవారి యంత్రం కొన్నాళ్లు నడిచి, వేడెక్కి, ఆగిపోతుండేది. ఏ తప్పు ఎక్కడ జరిగిందో వారికి తెలిసేది కాదు. పై రాతకూ అడుగు రాతకూ పొందిక లేకపోయినా, అంచులు అరిగినట్లున్నా, సిరా వేలికి అంటినా అనుమానించండి.

ఇక తెలియకుండా మనమే రాతను చెరిపే ప్రమాదమూ ఉంది. ఎండిపోయిన పేస్టును కత్తితో గీకవద్దు. మెత్తని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి ఒక మూల మెల్లగా అద్ది చూడండి. సిరా కరగకపోతేనే ముందుకు వెళ్లండి. తుడవక మునుపే ఫోటో తీసుకోండి. వెలుతురు పక్కవాటుగా పడేలా తిప్పితే మాసిన అక్షరాలు కూడా చదవవచ్చు. పింగాణీ చిప్పుల్లోని పిసరు బంగారం కోసం వాటిని పగలగొట్టేవారికి ఇచ్చే ముందు ఒక్కసారి వాటి వీపు చదవండి.

మా శిష్యుడు చివరికి మూడు చీటీలు రాశారు. ఒకదానిపై ‘భాగహార దోషం ఉంది, పరీక్షించాము.’ రెండోదానిపై ‘దోషం దిద్దినది.’ మూడోదానిపై ‘పై రాత నమ్మదగినది కాదు, అసలు వేగం తెలియదు.’ ఫోన్ చేసిన ఆయన మొదటిది మాత్రమే కొన్నారట. మిగిలిన రెండూ ఇంకా ఆ మిఠాయి డబ్బాలోనే, తమ చీటీలతో సహా ఉన్నాయి.