పదును కత్తికా... బుర్రకా?

ఆదివారం పొద్దున ఏడు గంటలు. శంషాబాద్‌లో ఓ ఇల్లు. పైనుంచి విమానం వెళ్తుంటే కిటికీ అద్దాలు సన్నగా వణుకుతున్నాయి. ఇంట్లో ఎవరూ తలెత్తి చూడరు, అలవాటైపోయింది. నైట్ షిఫ్టు ముగించుకుని వచ్చిన తండ్రి బూట్లు విప్పుతూ హాల్లోకి తొంగిచూశాడు. ఇంటర్ చదివే కొడుకు కంప్యూటర్ ముందు ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

''రాత్రంతా ఏం జేసినవ్‌రా?''

''గొడ్డలికి పదును పెట్టిన డాడీ. ప్లస్ 6 అయింది.''

''చదువుకెప్పుడు పెడ్తవ్ పదును?''

కొడుకు కాసేపు ఊరుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. ''మరి నువ్వేం జేసినవ్ డాడీ రాత్రంతా?''

తండ్రి ఎయిర్‌పోర్టు దగ్గర హ్యాంగర్‌లో టెక్నీషియన్. ''ఓ విమానంల పాత సీట్లు తీసి బరువు తక్కువున్నయి బిగించినం.''

''నేను జేసింది గూడ గదే గద!''

వంటింట్లోంచి తల్లి నవ్వు వినిపించింది. తండ్రికి మాత్రం నవ్వు రాలేదు.

ముచ్చట కల్పితమే. కానీ ఇలాంటి మాటల యుద్ధం జరగని ఇల్లు ఈ రోజుల్లో ఎక్కడుంది? పిల్లాడు గంటల తరబడి తెర మీద కత్తులు నూరుతుంటాడు. పెద్దవాళ్లకు ఒళ్లు మండుతుంది. ఇంతకీ ఆ నూరడంలో ఏముంది? అందులో నేర్చుకునేదేమైనా ఉందా, లేక ఉట్టి కాలక్షేపమేనా? తిట్టే ముందు ఆ సంగతేమిటో తెలుసుకుంటే తిట్లు కూడా సరైన చోట పడతాయి.

కొలిమి దగ్గర లెక్కలు

ఈ తరహా ఆటల్ని 'యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్స్' అంటారు. ఆడేవాడు ఓ వీరుడి వేషం కడతాడు. రాక్షసులతో పోరాడతాడు. గెలిచినప్పుడల్లా ఖనిజమో, రత్నమో, కవచమో దొరుకుతుంది. దాన్ని పట్టుకుని కమ్మరి దగ్గరికి వెళ్లి ఆయుధాన్ని మెరుగుపరచుకుంటాడు. మళ్లీ ఇంకా పెద్ద రాక్షసుడి మీదికి వెళ్తాడు. అసలు ఆటంతా ఈ చక్రమే.

2000లో బ్లిజార్డ్ సంస్థ విడుదల చేసిన 'డయాబ్లో 2'లో కత్తులకీ డాళ్లకీ గుంటలుండేవి. వాటిలో రత్నాలు పొదగొచ్చు. ఒకే రకం రత్నాలు మూడు కలిపితే అంతకంటే మెరుగైనది ఒకటి తయారవుతుంది. అలా అయిదు మెట్లు. అంటే అట్టడుగు రాయి నుంచి మేలిమి రత్నం దాకా రావాలంటే 81 రాళ్లు పోగేయాలి. ఒకసారి పొదిగాక ఆ రత్నం మళ్లీ చేతికి రాదు. కాబట్టి ఏ కత్తికి పొదగాలో ముందే ఆలోచించుకోవాలి.

2004లో జపాన్ నుంచి వచ్చిన 'మాన్‌స్టర్ హంటర్'లో ఇంకో తమాషా. పోరాడేకొద్దీ కత్తి మొద్దుబారుతుంది. యుద్ధం మధ్యలో ఆగి, ఆకురాయి తీసి నూరుకోవాలి. ఆ నాలుగు క్షణాల్లో మృగం మీద పడితే అంతే సంగతులు! కొడవలికి ఎప్పుడు పదును పెట్టాలో తెలిసిన రైతుకి ఆ ఇబ్బంది ఎవరూ చెప్పక్కర్లేదు.

2022లో వచ్చిన 'ఎల్డెన్ రింగ్' 2024 నాటికి రెండున్నర కోట్ల కాపీలు అమ్ముడుపోయింది. అందులో మామూలు ఆయుధాన్ని ప్లస్ 25 దాకా పెంచుకోవచ్చు. మొదటి మెట్టుకి 2 సానరాళ్లు, రెండో మెట్టుకి 4, మూడో మెట్టుకి 6. ఆ పైన అంతకంటే అరుదైన రాళ్లు కావాలి. అయితే అసలు కిటుకు రాళ్లలో లేదు, బరువులో ఉంది. ఒంటిమీది ఆయుధాలూ కవచాలూ కలిపి వీరుడు మోయగలిగిన దాంట్లో 70 శాతం లోపు ఉంటే దెబ్బ తప్పించుకుని చురుగ్గా దొర్లగలడు. దాటితే బస్తాలా పడతాడు. ఉక్కు కవచం తొడుక్కున్నవాడికి రక్షణ ఎక్కువే... కానీ తప్పించుకోలేడు!

పిల్లాడు వేసే లెక్క ఒకటి చూడండి. ఓ కత్తి దెబ్బ విలువ 100, సెకనుకి ఒకసారి దిగుతుంది. ఇంకో కత్తి దెబ్బ 70 మాత్రమే, కానీ పది సెకన్లలో 16 సార్లు దిగుతుంది. ఏది మేలు? మొదటిది పది సెకన్లలో 1000. రెండోది 1120. చూడ్డానికి చిన్నదే గెలిచింది. అలాగే 100 విలువున్న కత్తికి ఒకే రకమైన 50 శాతం పెంపు రెండుసార్లు కలిపితే 200 అవుతుంది. ఒకదాని మీద ఒకటి హెచ్చవేసే రెండు వేర్వేరు పెంపులు పెడితే 225. శాతాల పాఠం తరగతి గదిలో తలకెక్కనివాడు ఇక్కడ నోటితో చెప్పేస్తాడు.

హ్యాంగర్‌లో అదే సూత్రం

ఇప్పుడు తండ్రి పని దగ్గరికి వద్దాం. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చి 23న రాకపోకలు మొదలుపెట్టింది. ఆ ప్రాంగణంలోనే విమానాల మరమ్మతు హ్యాంగర్లు కూడా వెలిశాయి. ప్రయాణికులకు కనిపించేది టెర్మినల్ అద్దాలే. లోపల జరిగేది వేరు. విమానాన్ని విప్పుతారు, తనిఖీ చేస్తారు, పాతవి తీసి కొత్తవి అమరుస్తారు. 2025 నవంబరులో లీప్ రకం జెట్ ఇంజిన్లను బాగుచేసే సఫ్రాన్ సంస్థ కేంద్రం కూడా ఇక్కడే ప్రారంభమైంది.

2023 మార్చిలో బోయింగ్, జీఎంఆర్ ఏరో టెక్నిక్ సంస్థలు ఓ ప్రకటన చేశాయి. ప్రయాణికుల 737 విమానాల్ని సరుకు విమానాలుగా మార్చే పని హైదరాబాద్‌లో చేపడతామని. ఆ మార్పు ఎలా ఉంటుందో తెలిస్తే కుర్రాడి గొడ్డలి గుర్తుకు రాక మానదు. సీట్లు, వంటగదులు, టాయిలెట్లు తీసేస్తారు. కిటికీలు మూసేస్తారు. విమానం ఎడమ పక్క ఒంటిని కోసి పెద్ద తలుపు పెడతారు. నేల గట్టిపరుస్తారు. సరుకు జారి పైలట్ల మీదికి రాకుండా బలమైన అడ్డుగోడ కడతారు. ఇదంతా అయ్యాక ఆ 737-800 దాదాపు 23.9 టన్నుల సరుకు మోయగలుగుతుంది. మరి పోయిందేమిటి? 160 మందికి పైగా కూర్చునే చోటు. ఇక ఆ విమానంలో ప్రయాణికుడు ఎక్కడు.

రెక్కల చివర పైకి వంగి ఉండే కొసల్ని చూసే ఉంటారు. వాటిని వింగ్‌లెట్లు అంటారు. పాత విమానాలకీ తర్వాత అమర్చుకోవచ్చు. దూర ప్రయాణాల్లో ఇంధనం 3, 4 శాతం దాకా ఆదా అవుతుంది. కానీ వాటికీ బరువుంటుంది, ఖరీదుంటుంది. దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే విమానానికి ఆ ఆదా అంతగా ఉండదు. కాబట్టి ఎంత దూరం తిరిగే విమానమో చూసుకునే పెడతారు.

మార్పు పెద్దదైతే విమానాన్ని మళ్లీ తూకం వేస్తారు. బరువు ఎంత, గరిమనాభి ఎక్కడ అన్నది లెక్క కట్టి కాగితం మీద పెడతారు. లైసెన్సున్న ఇంజినీరు సంతకం లేనిదే అది గాల్లోకి లేవదు.

ఆటకీ హ్యాంగర్‌కీ ఉమ్మడిగా ఉన్న సూత్రం ఒక్కటే. ఏదీ ఊరికే రాదు. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి. వదులుకునేదేమిటో ముందే లెక్క చూసుకున్నవాడే నేర్పరి. పిల్లాడు కొలిమి దగ్గర నేర్చుకునేది నిజానికి ఇదే. ఇందులో తిట్టాల్సిందేమీ లేదు. రాత్రి నిద్ర మానుకున్నందుకు తిట్టండి. ఆ నిద్ర కూడా వాడు వదులుకున్నదే మరి, దాన్ని మాత్రం లెక్కలో వేసుకోలేదు!

లెక్క తప్పేది ఎక్కడ?

చిక్కు ఎక్కడొస్తుందంటే... పదునుని డబ్బుకి అమ్మడం మొదలుపెట్టినప్పుడు.

దీనికి మంచి ఉదాహరణ డయాబ్లో ఆటే ఇచ్చింది. 2012లో వచ్చిన మూడో భాగంలో ఓ వేలం శాల పెట్టారు. ఆడేవాళ్లు తమకి దొరికిన ఆయుధాల్ని అసలు డబ్బుకే అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ జరిగిందేమిటి? మంచి కత్తి కావాలంటే రాక్షసుణ్ని గెలవక్కర్లేదు, పర్సు తీస్తే చాలు. మరి ఆడటం దేనికి? చివరికి ఆ వేలం శాల ఆట ప్రాణాన్నే దెబ్బతీస్తోందని తయారుచేసినవాళ్లే ఒప్పుకుని, 2014 మార్చి 18న మూసేశారు.

సెల్‌ఫోన్ ఆటలు ఇంకో దారి పట్టాయి. ఆట ఉచితం. కత్తి ఉచితం కాదు. పైగా కత్తిని నేరుగా అమ్మరు. కత్తి ఉండొచ్చు, ఉండకపోవచ్చు అన్న పెట్టెని అమ్ముతారు! జాతరలో రంగుల చక్రం తిప్పే దుకాణం లాంటిదే. అక్కడ జేబులో చిల్లర అయిపోతే ఇంటికొచ్చేస్తాం. ఇక్కడ జేబు అమ్మానాన్నలది. దానికి అడుగు కనిపించదు.

ఇక్కడా ఓ లెక్క వేద్దాం. వందలో ఒక వంతు అవకాశం ఉన్న పెట్టె. వంద పెట్టెలు కొంటే కత్తి ఖాయంగా దొరుకుతుందని పిల్లాడి నమ్మకం. పెద్దవాళ్లలోనూ చాలామంది అలాగే అనుకుంటారు. అది నిజం కాదు. వంద మంది పిల్లలు వందేసి పెట్టెలు తెరిస్తే, దాదాపు 37 మంది ఒట్టి చేతులతోనే మిగులుతారు. 101వ పెట్టె తెరిచేటప్పుడు కూడా అవకాశం మళ్లీ వందలో ఒకటే. ముందు పోగొట్టుకున్న వందనీ ఆ పెట్టె గుర్తుపెట్టుకోదు. కొన్ని ఆటలు మాత్రం ఇన్నిసార్లు తెరిస్తే తప్పక ఇస్తామని హద్దు పెడతాయి. ఆ హద్దు దాకా చేరడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క వేసుకోవాల్సింది మనమే.

ఇలాంటి పెట్టెల్లో ఏది ఎంత శాతం దొరుకుతుందో బయటపెట్టాలన్న చైనా ఆదేశం 2017లో అమల్లోకి వచ్చింది. 2018లో బెల్జియం అధికారులు వీటిని జూదంగానే పరిగణించారు. మన దగ్గర 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు కాసి డబ్బు గెలుచుకునే ఆటల్ని నిషేధించింది. ఆటలోనే వాడుకునే కత్తిని కొనుక్కోవడం వేరే సంగతి. అక్కడ కాపలా ఇంట్లోవాళ్లదే.

కాపలా లేకపోతే ఏమవుతుందో హైదరాబాద్ 2022లో చూసింది. పదహారేళ్ల కుర్రాడొకడు ఇంట్లోవాళ్ల ఫోనులో షూటింగ్ ఆట ఆడుతూ, ఆయుధాలూ హంగులూ కొనడానికి కొంచెం కొంచెంగా చెల్లిస్తూ పోయాడు. తల్లి బ్యాంకుకి వెళ్లేసరికి ఖాతాల్లోంచి దాదాపు 36 లక్షల రూపాయలు ఖాళీ. ఒక్కసారిగా పోయిన డబ్బు కాదది. మొదట పోయింది వందల్లోనో వేలల్లోనో. అప్పుడే ఎవరైనా పక్కన కూర్చుని చూసి ఉంటే?

పక్కన కూర్చుంటే చాలు

ఫోన్ లాక్కోవడం తేలిక. నాలుగు రోజులకి మళ్లీ ఇవ్వక తప్పదు. దానికంటే మూడు పనులు మేలు. ఒకటి, పిల్లల చేతిలో ఉండే ఫోనులో కార్డు వివరాలు, యూపీఐ ఉంచకండి. తప్పదనుకుంటే ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా యాప్ స్టోర్ సెట్టింగుల్లో మార్చండి. రెండు, ఒకసారి డబ్బు కట్టి కొనుక్కుంటే మళ్లీ పైసా అడగని ఆటలున్నాయి. వయసుకి తగినది చూసి అలాంటిది కొనివ్వడమే ఉచితం అనిపించే ఆట కంటే చివరికి చౌక. మూడు, వారానికి ఓ పావుగంట పక్కన కూర్చుని అడగండి. ''దీనికోసం ఏం వదులుకున్నావ్?'' అని. జవాబులో రాళ్లు, బరువు, రెండు గంటల శ్రమ వస్తే ఆట సవ్యంగా నడుస్తున్నట్టు. జవాబులో రూపాయలొస్తే, నిద్ర వస్తే, అక్కడ ఆపాలి.

మళ్లీ ఆ ఇంటికి వెళ్దాం. టీ గ్లాసు పట్టుకుని తండ్రి కొడుకు వెనక కుర్చీ వేసుకున్నాడు. ప్లస్ 6 గొడ్డలితో వీరుడు రాక్షసుడి మీదికి వెళ్లాడు. రెండో దెబ్బకే చచ్చిపోయాడు. మళ్లీ వెళ్లాడు. మళ్లీ అంతే.

''గంత పదును పెట్టినవ్ గద, ఏమైందిరా?''

''దొర్లుత లేడు డాడీ. మొద్దులెక్క పడుతుండు.''

''తూకం జూసినవా?''

కొడుకు వెనక్కి తిరిగి చూశాడు. లెక్క తెరిచారు. మోయగలిగేది 60. అందులో 70 శాతం 42. పాత కత్తితో మొత్తం 36 ఉండేది. కత్తి బరువు 4, గొడ్డలి బరువు 13. అంటే ఇప్పుడు 45.

''మూడు ఎక్కువైంది. ఏం తీస్తవ్?''

''ఛాతీ కవచం తీసేస్త.''

''దెబ్బ తగిల్తే?''

''తగలకుంట జూస్కోవాలె.''

తండ్రి టీ తాగేశాడు. ''సరే. తీసేసి, ఆపేసి పండుకో. సాయంత్రం జూద్దాం'' అన్నాడు. కొడుకు కంప్యూటర్ కట్టేశాడు. కిటికీ అద్దాలు మళ్లీ వణికాయి. ఈసారి తండ్రి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. అది రాత్రి సీట్లు మార్చిన విమానమేమో అని.