పొయ్యి ముందే వెలిగి ఉండాలి

2019 డిసెంబరు చివర్లో ఆస్ట్రేలియా విక్టోరియా రాష్ట్రంలోని ఈస్ట్ గిప్స్‌లాండ్ ప్రాంతం మంటల్లో చిక్కుకుంది. ఏళ్ల తరబడి సరైన వానల్లేక ఎండిపోయిన యూకలిప్టస్ అడవి అది. దానికి వడగాడ్పులు తోడయ్యాయి. మల్లకూటా అనే సముద్రతీరపు చిన్న ఊళ్లో డిసెంబరు 31న దాదాపు నాలుగు వేలమంది మంటల మధ్య చిక్కుకుపోయారు. చాలామంది తీరానికి పరుగెత్తారు. పొద్దున పూటే చీకటి కమ్మి, ఆకాశం ఎర్రగా మారింది. తర్వాత నౌకాదళం ఓడలు వస్తే గాని వాళ్లలో చాలామంది బయటపడలేదు. రోడ్డు తెరిచి ఉన్న ఊళ్లవాళ్లు పిల్లల్నీ పెంపుడు కుక్కల్నీ కార్లలో వేసుకుని బెయిర్న్స్‌డేల్ పట్టణం చేరారు.

అక్కడి సహాయ కేంద్రంలో వాళ్లకు వేడివేడిగా వడ్డించినవాళ్లలో తలపాగాలు చుట్టుకున్న సిక్కులున్నారు. మెల్‌బోర్న్ ఆగ్నేయ శివార్ల నుంచి ‘సిఖ్ వాలంటీర్స్ ఆస్ట్రేలియా’ బృందం వ్యాన్ వేసుకుని వందల కిలోమీటర్లు వెళ్లింది. బెయిర్న్స్‌డేల్‌లోనే రెస్టారెంటు నడుపుకుంటున్న ఒక సిక్కు జంట తమ వంటగదిని ఈ పనికి తెరిచిపెట్టింది. అన్నం, కూర, అన్నీ శాకాహారమే. ఇల్లు కాలిపోయినవాళ్లూ తిన్నారు, మంటలార్పి వచ్చినవాళ్లూ తిన్నారు. ఎవరు నువ్వని ఒక్కరినీ అడగలేదు.

ఆ కొత్త సంవత్సరం రోజుల్లోనే మెల్‌బోర్న్‌లోని న్యూపోర్ట్ మసీదు నుంచి ముస్లింలు లారీల్లో సరుకులు నింపుకుని అదే ప్రాంతానికి వెళ్లారు. బెయిర్న్స్‌డేల్ దగ్గరి జాన్సన్‌విల్‌లో అగ్నిమాపక సిబ్బందికి పొద్దున్నే ఫలహారం వండిపెట్టారు. వాళ్లకూ చేతులెత్తి మొక్కాలి. ఇవాళ సిక్కుల గురించి ఎక్కువ రాయడానికి మాత్రం ఒక కారణం ఉంది.

సిక్కులది అడవి అంటుకున్నాక పోగైన బృందం కాదు. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే వాళ్ల వ్యాన్ మెల్‌బోర్న్ శివారు ఫ్రాంక్‌స్టన్‌లో నిలువ నీడ లేనివారికీ చేతిలో డబ్బు లేనివారికీ ఉచితంగా భోజనం పెడుతోంది. అప్పుడు అక్కడ ఏ విపత్తూ లేదు, కెమెరాలూ లేవు. గుండిగలున్నాయి, వ్యాన్ ఉంది, వందల మందికి ఒక్కసారే వండటం అలవాటైన చేతులున్నాయి. వండినదాన్ని ఎంత వేడిలో ఉంచాలో, ఎన్ని గంటల్లో వడ్డించాలో తెలిసినవాళ్లున్నారు. మంటలొచ్చిన రోజు వాళ్లు చేసిందల్లా వ్యాన్‌ని ఫ్రాంక్‌స్టన్ వైపు కాక తూర్పు వైపు తిప్పడం.

అసలు బలం అక్కడుంది. మనసున్నవాళ్లకు ఏ మతంలోనూ ఏ కులంలోనూ కొదవ లేదు. విపత్తు నాడు కొరతపడేది సిద్ధంగా ఉన్న వంటశాల.

అది ఎలా ఉంటుందో తెలియాలంటే ఆదివారం ఏ గురుద్వారా వంటగదిలోనైనా ఒక గంట నిలబడి చూడండి. ఒక మూల ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి రొట్టెలు ఒత్తుతుంటారు, పెద్ద పెనం మీద ఇంకొకరు కాలుస్తుంటారు. పదేళ్ల పిల్లలు వరుసలో కూర్చున్నవాళ్లకు చెంచాలు పంచుతుంటారు. పప్పు బకెట్ పట్టుకుని వచ్చినాయన వంగి వడ్డించి, ఇంకాస్త వెయ్యనా అని అడిగి గాని కదలడు. ఎంగిలి కంచాలు కడిగేచోట సూటు వేసుకునే ఉద్యోగి, ట్రక్కు నడిపే డ్రైవరు పక్కపక్కనే ఉంటారు. అయిదు వందల ఏళ్ల కిందట గురునానక్ మొదలుపెట్టిన లంగరు, అంటే అందరికీ ఉచితంగా అన్నం పెట్టే వంటశాల ఇది. రాజైనా కూలీ అయినా ఒకే పంక్తిలో నేలమీద కూర్చుని తినాలన్నది నియమం. రెండో గురువు అంగద్ భార్య మాతా ఖీవీ ఆ వంటశాలను దగ్గరుండి నడిపించింది. ఇక్కడ చేయి తిరిగిన పిల్లవాడికి ఇరవయ్యేళ్లు వచ్చాక, వెయ్యిమందికి వండాలంటే గాభరా ఉండదు.

2020 జులైలో కోవిడ్ కారణంగా మెల్‌బోర్న్‌లోని తొమ్మిది ప్రభుత్వ గృహసముదాయ టవర్లను ఉన్నట్టుండి మూసేశారు. దాదాపు మూడు వేలమంది లోపలే చిక్కుకుపోయారు. అప్పుడూ ఆ సిఖ్ వాలంటీర్ల వంటశాల నుంచి భోజనాలు వెళ్లాయి. 2022 ఫిబ్రవరి 28న న్యూసౌత్‌వేల్స్‌లోని లిస్మోర్ పట్టణంలో విల్సన్స్ నది 14.4 మీటర్లకు పొంగింది, వరదగోడ దాటి ఊరిని ముంచేసింది. జనం ఇంటి కప్పులెక్కితే, పొరుగువాళ్లు చిన్న పడవల్లో దింపుకొచ్చారు. మెల్‌బోర్న్ నుంచి అక్కడికి దాదాపు 1600 కిలోమీటర్ల దారి. వ్యాన్ మళ్లీ బయల్దేరింది.

2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో సిక్కులు రెండు లక్షల పైచిలుకు, మొత్తం జనాభాలో ఒక శాతం కూడా లేరు. ఒకప్పుడు తెల్లవారి ఆస్ట్రేలియా విధానం ఆసియా వాళ్లకు తలుపులు మూసిన దేశమిది. అంతకుముందే వచ్చిన పంజాబీలు విక్టోరియా పల్లెల్లో మూటలు మోసుకుని, గుర్రబ్బండ్లు తోలుకుని సరుకులమ్ముకు బతికారు. అలాంటి పల్లెల్లో ఇవాళ తలపాగాకు గౌరవం దక్కుతోందంటే, దాన్ని సంపాదించిపెట్టింది గరిటె.

ఇక మన సంగతి. అన్నదానం మనకు కొత్త కాదు. గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు అర్ధరాత్రి తలుపు తట్టినా వండిపెట్టారు. తిరుమలలో 1985లో ఎన్టీ రామారావు మొదలుపెట్టిన నిత్యాన్నదానం ఇప్పటికీ నడుస్తోంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఎక్కడెక్కడి నుంచో పులిహోర పొట్లాలు వచ్చాయి. హెలికాప్టర్లతోనూ డ్రోన్లతోనూ జారవిడిచారు. ఇచ్చే గుణంలో లోటేమీ లేదు. అయినా సింగ్‌నగర్ మెయిన్ రోడ్డు మీదివాళ్లకు అందిన పొట్లం లోపలి సందులవాళ్లకు అందలేదన్న మాట ఆ రోజుల్లో ఎందరి నోటో విన్నాం. ఏ సందుకు ఎవరు వెళ్లాలో, ఎన్ని పొట్లాలు కావాలో ముందే లెక్క కట్టుకునే అలవాటు లేకపోతే జరిగేది అదే.

ప్రభుత్వం చూసుకోవాలి గదా అనేవాళ్లుంటారు. ఆస్ట్రేలియాలో ప్రభుత్వం చూసుకుంటుంది. స్థానిక కౌన్సిళ్లు సహాయ కేంద్రాలు తెరుస్తాయి, రెడ్‌క్రాస్, సాల్వేషన్ ఆర్మీ వస్తాయి. వాటి పక్కన నిలబడి మనమూ వడ్డించాలనుకుంటే, ఇళ్లలో వండి తెచ్చిన గిన్నెలకు అక్కడ చాలాచోట్ల అనుమతి దొరకదు. ఆహార భద్రత నిబంధనలు గట్టివి. రిజిస్టరైన వంటగదికీ, శిక్షణ పొందిన మనుషులకీ అయితే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఆ కాగితాలన్నీ మంటలొచ్చిన రోజున తయారుకావు.

2021 జనాభా లెక్కల నాటికే ఆస్ట్రేలియాలో దాదాపు అరవై వేలమంది ఇంట్లో తెలుగు మాట్లాడేవారు. సిడ్నీ దక్షిణాన హెలెన్స్‌బర్గ్‌లో అడవి అంచునే వేంకటేశ్వరస్వామి కొలువున్నాడు. మెల్‌బోర్న్‌లో ఫ్రాంక్‌స్టన్‌కు దగ్గర్లోనే, కారమ్ డౌన్స్‌లో శివవిష్ణు ఆలయం ఉంది. పండగ పూట వేలమందికి భోజనం పెట్టగల వంటవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. ఉగాది వేడుకకు సినిమా గాయకులను రప్పించే ఖర్చులో కొంత తీస్తే ఒక వ్యాన్ వస్తుందని నా నమ్మకం.

ఆలయ కమిటీలకూ తెలుగు సంఘాలకూ నా విన్నపం ఇది. వచ్చే వేసవి మంటల కాలం లోపు ఒక్క వ్యాన్ కొనండి, మీ కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయించండి, వారానికి ఒక్క సాయంత్రం మీ ఊళ్లో ఆకలిగొన్నవాళ్లకు సాంబారన్నం పెట్టండి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే దగ్గర్లోని గురుద్వారాకు వెళ్లి అడగండి.