గోల చేస్తున్నది ఎవరు?

మొన్న లంచ్ దగ్గర మా టీమ్‌లో ఒకాయన తేల్చేశాడు. "ఈ రోజుల్లో కూడా హామ్ రేడియో ఏంటి బాస్? జేబులో వాట్సాప్ ఉండగా! ఆ స్పెక్ట్రమ్ ఏదో లాక్కుని డేటాకి ఇచ్చేస్తే నెట్ ఇంకా చవకవుతుంది. నలుగురు ముసలాళ్ళ కాలక్షేపానికి అంత గోల ఎందుకు?"

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. తినేటప్పుడు వాదన పెట్టుకుంటే అన్నం చల్లారుతుంది తప్ప ఎవరి మనసూ మారదు. కానీ సాయంత్రం ఇంటికొచ్చి రేడియో ఆన్ చేశాక ఆ "గోల" అన్న మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. అందుకే ఈ టపా.

ముందు లెక్క తేలుద్దాం, లెక్కలంటే మనవాళ్ళకి ఇష్టం కదా. మన దేశంలో హామ్‌లు ఎక్కువగా వాడే 40 మీటర్ల బ్యాండ్ 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ వరకు. అంటే 200 కిలోహెర్ట్జ్. మీ ఇంట్లో వైఫై రౌటర్ వాడే అతి చిన్న మామూలు ఛానెల్ 20 మెగాహెర్ట్జ్. ఇలాంటి బ్యాండ్లు వంద పక్కపక్కన పేరిస్తే ఒక్క వైఫై ఛానెల్ అవుతుంది. అంతెందుకు, 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న మొత్తం షార్ట్‌వేవ్‌ని, అంటే హామ్‌లనీ, విమానాలనీ, ఓడలనీ, ప్రసార కేంద్రాలనీ అందరినీ ఖాళీ చేయించినా వచ్చేది 27 మెగాహెర్ట్జ్. మీ రౌటర్‌లో 80 మెగాహెర్ట్జ్ సెట్టింగ్ ఒకటుంటుంది చూశారా? అందులో మూడో వంతు అన్నమాట. నెట్ చవకవడం అటుంచండి, ఒక అపార్ట్‌మెంట్‌కి కూడా సరిపోదు.

"మరి పనికిరానిదాని కోసం పోట్లాట ఎందుకు?" అంటారేమో. పనికిరానిదని ఎవరన్నారు? 2023లో అమెరికాలో షార్ట్‌వేవ్ మోడర్నైజేషన్ కోయలిషన్ అనే కూటమి అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి ఒక పిటిషన్ పెట్టింది. 2 నుంచి 25 మెగాహెర్ట్జ్ మధ్య 20 కిలోవాట్ల దాకా పవర్‌తో డేటా పంపుకునే వీలు కావాలని. ఎవరికి? సముద్రాల అవతలి మార్కెట్లలో ట్రేడింగ్ చేసే కంపెనీలకి. ఫైబర్‌లో కాంతి వేగం గాలిలో కంటే మూడో వంతు తక్కువ. షార్ట్‌వేవ్ సిగ్నల్ ఐనోస్ఫియర్‌ని తాకి దిగుతూ పోయినా కొన్ని మిల్లీసెకన్లు ముందు చేరుతుంది. ఆ మిల్లీసెకన్లకి ఎంత విలువో ట్రేడింగ్ సిస్టమ్స్ మీద పనిచేసిన వాళ్ళని అడగండి. నేరుగా హామ్ బ్యాండ్లనే అడగకపోయినా, పక్కింట్లో 20 కిలోవాట్లతో కూర్చుంటామన్నారు. అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ కొలతలతో సహా అభ్యంతరం చెప్పింది. సామాన్యుడి చేతిలో ఉంటే పాతచింతకాయ పచ్చడి, వాల్‌స్ట్రీట్ చేతిలో పడితే మోడర్నైజేషన్. బాగుంది కదూ!

సరే, అసలు విషయానికొస్తా. బ్యాండ్ ఎవరికి కేటాయించారన్నది కాగితం మీద సంగతి. ఆ కాగితాన్ని ముట్టుకోకుండానే బ్యాండ్‌ని చంపొచ్చు. ఎలాగంటే, గోలతో.

మా ఇంటి సంగతే చెప్తాను. మూడేళ్ళ క్రితం వరకు రాత్రి ఎనిమిదింటికి 7 మెగాహెర్ట్జ్ మీద బెంగళూరు, చెన్నై మిత్రులు పక్కగదిలో ఉన్నట్టు వినిపించేవారు. ఒక రోజు నుంచి ఒకటే రొద, బాణలిలో నూనె మరుగుతున్నట్టు. మీటర్ ముల్లు సగం పైకెక్కి దిగనంటోంది. పక్క ఫ్లాట్ వాళ్ళని మనసులో చాలా తిట్టుకున్నాను. చివరికి రేడియోని బ్యాటరీ మీద పెట్టి, ఇంట్లో ఎంసీబీలు ఒక్కొక్కటే దించుతూ వచ్చాను. వంటింటి లైను దించగానే రొద మాయం. ఆన్‌లైన్‌లో డిస్కౌంట్ ఉందని నేనే కొన్న ఎల్‌ఈడీ బల్బులు! తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

ఎందుకిలా అవుతుందో ఇంజనీర్లకి చెప్పక్కర్లేదు. ఎల్‌ఈడీ డ్రైవర్, ఛార్జర్, అడాప్టర్, ఇన్వర్టర్ అన్నీ సెకనుకి వేల సార్లు కరెంటుని ఆన్, ఆఫ్ చేసే సర్క్యూట్లే. ఆ స్విచింగ్‌కి హార్మోనిక్స్ పుట్టి, ఇంటి వైరింగే యాంటెన్నాగా బయటికి పోతాయి. ఆపడానికి ఒక చిన్న కాయిల్, ఒకటి రెండు కెపాసిటర్లు చాలు. బోర్డు మీద వాటికి చోటు వదిలి, బిగించే దగ్గర నాలుగు డబ్బులు మిగుల్చుకుంటారు. మిగిలింది వాళ్ళకి, గోల మనకి.

ఒక బల్బు చేసే గోల ఇది. మరి ఊరంతటి కరెంటు తీగల్లోకీ కావాలనే రేడియో సిగ్నల్ ఎక్కిస్తే?

ఎవరో పిచ్చివాడికి వచ్చిన ఆలోచన కాదిది. బీపీఎల్ అని, కరెంటు తీగల మీద బ్రాడ్‌బ్యాండ్. (మన టీవీల కంపెనీ కాదు!) 2004లో ఎఫ్‌సీసీ దీనికి నిబంధనలు రాసి పచ్చజెండా ఊపింది. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ప్రతి ఇంటికీ కరెంటు తీగ ఉంది కాబట్టి ప్రతి ఇంటికీ ఇంటర్నెట్. చిక్కల్లా ఏంటంటే కరెంటు తీగ కో-యాక్సియల్ కేబుల్ కాదు. కవచం లేదు, మెలిక లేదు. స్తంభాల మీద మైళ్ళ కొద్దీ సాగిన తీగలో షార్ట్‌వేవ్ సిగ్నల్ పెడితే దాన్ని యాంటెన్నా అనే అంటారు.

"మేం చెప్పిన లిమిట్ దాటకపోతే చాలు" అంది ఎఫ్‌సీసీ. ఆ లిమిట్ 30 మీటర్ల దూరంలో మీటరుకి 30 మైక్రోవోల్టులు. కొలిచేవాళ్ళు ప్రతిసారీ 30 మీటర్ల అవతలికి పోలేరు కాబట్టి దగ్గరగా కొలిచి లెక్క కట్టొచ్చు. కిటుకంతా ఆ లెక్కలో ఉంది. దూరం పది రెట్లయితే సిగ్నల్ 40 డెసిబెల్ తగ్గుతుందని, అంటే వందో వంతవుతుందని వాళ్ళు పెట్టుకున్నారు. తీగల దగ్గర అంత తగ్గదు, 20 డెసిబెల్‌కి దగ్గరగా ఉంటుంది, అంటే పదో వంతే అవుతుందని హామ్‌లు కొలిచి చూపించారు. తేడా ఎంతో చూడండి. 3 మీటర్ల దగ్గర కొలిస్తే, ఎఫ్‌సీసీ లెక్కన 3000 మైక్రోవోల్టులున్నా పాస్. కానీ హామ్‌ల కొలతే నిజమైతే 30 మీటర్ల దగ్గర అది 30 కాదు, 300. లిమిట్‌కి పది రెట్లు ఉన్న యంత్రం చేతిలో పాస్ సర్టిఫికెట్!

ఇక్కడే అసలు కథ. ఎఫ్‌సీసీ సొంత ఇంజనీర్లు ఈ విషయం మీద అధ్యయనాలు చేశారు. వాటి ఆధారంగానే నిబంధనలు రాశామన్నారు. సమాచార చట్టం కింద ఏఆర్ఆర్ఎల్ అడిగితే, కొన్ని భాగాలు తొలగించి మిగతా కాగితాలు ఇచ్చారు. ఆ సంఘం కోర్టుకెక్కింది. 2008 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఏ అధ్యయనం మీద ఆధారపడి నిబంధన రాశారో దాన్ని జనం ముందు పూర్తిగా పెట్టాల్సిందే, మీకు నచ్చిన పేజీలు చూపించి నచ్చనివి దాచడం కుదరదు అని. 40 డెసిబెల్‌కే ఎందుకు కట్టుబడ్డారో సరైన వివరణ లేదు, మళ్ళీ చూడండి అని కూడా వెనక్కి పంపింది. హామ్‌లు అడిగినవన్నీ ఒప్పుకుందనుకోకండి, కొన్ని కొట్టేసింది. కానీ ఈ రెండూ ఒప్పుకుంది.

మన భాషలో చెప్పాలంటే, టెస్ట్ రిపోర్టులో ఫెయిలైన కేసులు చెరిపేసి, మిగతావి చూపించి ప్రొడక్షన్‌కి పంపిన బిల్డ్ అది. మన ఆఫీసులో ఎవరైనా ఆ పని చేస్తే ఊరుకుంటామా? మరి గోల చేసింది ఎవరండీ, ఆ రిపోర్టు బయటపెట్టమన్నవాళ్ళా?

సినిమాలోలా ముగిసిందనుకుంటే పొరపాటే. 2011లో ఎఫ్‌సీసీ మళ్ళీ చూసి, ఈసారి కారణాలు రాసి, 40 డెసిబెల్‌నే ఉంచింది. హామ్ బ్యాండ్ల దగ్గర వెయ్యాల్సిన నాచ్ లోతు మాత్రం 20 నుంచి 25 డెసిబెల్‌కి పెంచింది. ఈలోగా బీపీఎల్ తనంతట తానే చతికిలబడింది. వర్జీనియాలోని మనాసస్ నగరం 2005లో ఊరంతా బీపీఎల్ ఇచ్చి వార్తల్లోకెక్కింది. 2010లో గిట్టుబాటు కాక ఆపేసింది. ఉత్తర వర్జీనియాలో మనవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. అక్కడివాళ్ళు ఇవాళ కేబుల్ మీదో, ఫైబర్ మీదో మీటింగులకి వస్తున్నారు తప్ప కరెంటు తీగ మీద కాదు.

ఇందులో ఒక మంచి మాట కూడా ఉంది. ఇంట్లో ప్లగ్‌కి పెట్టుకునే పవర్‌లైన్ అడాప్టర్లున్నాయి చూశారా, ఆ హోమ్‌ప్లగ్ ప్రమాణం రాసినవాళ్ళు హామ్ బ్యాండ్ల దగ్గర ముందే నాచ్‌లు పెట్టారు. అడాప్టర్లు అమ్ముడయ్యాయి, రేడియోలూ పనిచేశాయి. కాబట్టి "హామ్‌లు టెక్నాలజీకి అడ్డం" అనే మాట అబద్ధం. వాళ్ళడిగింది ఆపమని కాదు, ఫిల్టర్ పెట్టమని.

ఇప్పుడు మా మిత్రుడి మిగతా ప్రశ్నకొస్తా. నలుగురి కాలక్షేపమే కదా?

2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్ వెళ్ళింది. ఏదో సేవ చేయడానికి కాదు, అచ్చంగా కాలక్షేపానికే. అండమాన్ నుంచి మాట్లాడే స్టేషన్ దొరకడం ప్రపంచంలోని హామ్‌లకి అపురూపం. డిసెంబరు 26 ఉదయం సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. ఆ కాలక్షేపం స్టేషనే ద్వీపాల నుంచి కబుర్లు బయటికి చేరవేసే కేంద్రమైంది. సునామీ వస్తుందని తెలిసి ఎవరూ వెళ్ళలేదు. సరదాకి వెళ్ళారు కాబట్టే రేడియోతో సహా అక్కడున్నారు. ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి. అలాంటి రోజున వచ్చే సిగ్నల్ బలంగా రాదు. అవతలివాడు బ్యాటరీ మీద, వంగిన యాంటెన్నాతో ఉంటాడు. నా వంటింటి బల్బుల రొదలో ఆ గొంతు వినపడేదా?

హామ్‌లు తప్పులే చెయ్యరని అనను. కొత్త కుర్రాడు పొరపాటు చేస్తే కసురుకునే పెద్దలున్నారు. "మా రోజుల్లో" అని గంటలు నడిపేవాళ్ళున్నారు. గోల గురించి గొణుగుతారు గానీ ఏ తేదీన, ఏ ఫ్రీక్వెన్సీ మీద, ఎంత వచ్చిందో రాసిపెట్టేవాళ్ళు తక్కువ. 2008లో గెలిచింది గొణుగుడు కాదు, కొలతలు. బగ్ రిపోర్టులో "పనిచెయ్యట్లేదు" అని రాసి పంపితే మనమేం చేస్తామో తెలుసుగా. ఈ మాట నాకూ వర్తిస్తుంది.

నా వాదన ఒక్కటే. కొత్త సేవ తెస్తానన్నవాడే, పాతవాడికి అడ్డు రాదని, బహిరంగంగా కొలిచి చూపించాలి. వింటూ కూర్చున్నవాడు తన నష్టాన్ని నిరూపించుకుంటూ తిరగకూడదు. ఇది హామ్‌ల కోసమే కాదు. అమెరికాలో 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ని తిరగరాయమని 2024లో నెక్స్ట్‌నావ్ అనే కంపెనీ అడిగితే అభ్యంతరం చెప్పినవాళ్ళలో హామ్‌లతో పాటు టోల్ ట్యాగులవాళ్ళూ, ఆర్‌ఎఫ్‌ఐడీవాళ్ళూ, ఐఓటీ పరికరాలవాళ్ళూ ఉన్నారు. మీ ప్రాజెక్టులో సెన్సర్ ఉందా? అయితే మీరూ ఆ వరసలోనే ఉన్నారు బాబూ.

చివరగా ఒక చిన్న పని. అమెరికా నుంచి తెచ్చుకున్న పాత లాప్‌టాప్‌నో, రౌటర్‌నో తిరగేసి కింద చిన్న అక్షరాలు చదవండి. పార్ట్ 15 అని ఉంటుంది. ఈ పరికరం హానికరమైన అంతరాయం కలిగించకూడదు, వచ్చిన అంతరాయాన్ని భరించాలి అని రెండు షరతులు. మనం ఇన్నేళ్ళుగా చదవకుండా ఒప్పుకున్న లైసెన్సుల్లో అదొకటి. తర్వాత ఒక ఏఎం రేడియో తెచ్చి మీ ఎల్‌ఈడీ బల్బు దగ్గర పెట్టి వినండి.

మా వంటింట్లో బల్బులు మార్చేశాను. కొంచెం ఖరీదైనవే. మా ఆవిడ "మొన్నేగా కొన్నారు, మళ్ళీ ఎందుకూ?" అంది. రేడియో ఆన్ చేసి వినిపించాను. బెంగళూరాయన వాళ్ళ ఊళ్ళో వాన గురించి చెప్తున్నాడు.

"ఇంత చిన్న కబురుకా?" అంది.

అవును, ఇంత చిన్న కబురుకే. చిన్న కబురు వినపడే చోటే పెద్ద కబురూ వినపడుతుంది. ఏమంటారు?