తప్పు నేలది కాదు



మన సోలాపూర్ హాల్లో ఇక బంతి భోజనాలు వద్దు, నిలబడి తినే బఫే పెడదామని కమిటీలో మాట నడుస్తోంది. కారణం ఒక్కటే చెబుతున్నారు: ఎవరికీ కింద కూర్చోను రావట్లేదట. నిజమే. పోయినసారి బంతిలో నలభై దాటిన మేమే గోడ పట్టుకుని లేచాం. డెబ్బై ఏళ్ల అమ్మలు మాకంటే ముందే లేచి చేతులు కడుక్కున్నారు. అంటే తప్పు వయసుది కాదు, తప్పిపోయిన అలవాటుది. గుంటమగ్గం మీద తాతలు నేల మట్టాన కూర్చునే నేశారు. పవర్‌లూమ్ వచ్చాక నిలబడ్డాం, సోఫా వచ్చాక చేరగిలబడ్డాం.

"బీడీలు చుట్టే మన ఆడవాళ్లు పొద్దంతా నేల మీదే కదా, వాళ్లకు నడుం నొప్పులు లేవా?" అని అడుగుతున్నారు. ఉన్నాయి. వెయ్యి బీడీల లెక్క తీరేదాకా చేట ఒళ్లో పెట్టుకుని కదలకుండా ఉండాల్సి రావడం వల్ల వచ్చినవి అవి. అలా గంటలు గంటలు కదలకపోతే కుర్చీ అయినా నొప్పే.

అలవాటు మెల్లగా తెచ్చుకోవచ్చు. ఇంట్లో సోలాపూర్ చద్దర్ ఉంది కదా, మడతలు వేసి కింద పెట్టుకోండి. తుంటి మోకాళ్లకంటే ఎత్తున ఉంటే నడుం కుంగదు. వీపు గోడకు ఆనించండి. మొదటి వారం టీ తాగేంతసేపు చాలు. తిమ్మిరెక్కితే కాళ్లు చాపండి, మళ్లీ మడవండి. కుదురుకున్నాక ఒక్కో మడత తగ్గించండి. మోకాలు పొడిచినట్టు నొప్పి పెడితే మాత్రం ఆపేసి డాక్టరుకు చూపించండి. ఆపరేషన్ అయినవాళ్లకు కుర్చీ వేద్దాం, కానీ అదే బంతిలో, మన పక్కనే.

మా పోరు మోకాళ్ల కోసమే కాదు. బఫేలో ముసలమ్మ ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడాలి. బంతిలో మన పిల్లలు ఆమె ముందు వంగి వడ్డిస్తారు. "ఎవరి బిడ్డవురా నువ్వు?" అని ఆమె అడుగుతుంది. మరాఠీ, ఇంగ్లీషు బళ్లలో చదివే మన పిల్లలు తెలుగులో జవాబు చెప్పాల్సిన చోట్లు ఇంకెన్ని మిగిలాయి? ఇది కూడా మనమే మూసేద్దామా?

కమిటీ పెద్దలకు మా విన్నపం: ఆ తీర్మానం ఆరు నెలలు ఆపండి. ప్రతి ఆదివారం సాయంత్రం హాల్లో చాపలు మేమే పరుస్తాం. టీ ఖర్చు కూడా మాదే. వచ్చి కూర్చోండి. ఆ తర్వాత కూడా లేవలేకపోతే బఫేకి మేమే చేతులెత్తుతాం.