తొమ్మిదితో మొదలయ్యే నంబరు

మొన్న సంక్రాంతికి మా వూరు వచ్చిన ఒక అమెరికా మిత్రుడు, పదిమంది అధ్యాపకులు కూర్చున్న చోట ఒక మాటన్నాడు: "మేము వరుసలో నిలబడి, కాగితాలు చూపించి, పన్ను కట్టి బతుకుతున్నవాళ్ళం. సరిహద్దు దాటి దొంగతనంగా వచ్చినవాళ్ళు మా పన్నులు తిని బతుకుతున్నారు. వాళ్ళను తరిమేస్తే మీకెందుకండీ బాధ?" విన్నవారిలో సగంమంది తలవూపారు. వూపినవారిలో అభ్యుదయవాదులమని చెప్పుకునేవారు కూడా వున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

తనకంటే ఒక మెట్టు కింద వున్నవాణ్ణి చూపించి, తాను పైమెట్టు మీద వున్నానని తృప్తిపడడం మన మధ్యతరగతికి పాత జబ్బే. కాని ఇక్కడ ఆ మెట్టు కూడా లేదు. లేదన్న సంగతి నాకు పుస్తకాలలో కాదు, మా ఇంట్లోనే తెలిసింది.

మా అమ్మాయి 2018లో పెళ్ళి చేసుకొని భర్త వెంట అమెరికా వెళ్ళింది. అతనిది హెచ్-1బి వీసా, ఆమెది హెచ్-4. ఎమ్మెస్సీ చదివిన పిల్ల. అయినా హెచ్-4 మీద వెళ్ళిన మనిషి విడిగా అనుమతి వస్తేనే తప్ప పని చేయరాదు. ఆ అనుమతి రావాలంటే భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం కొంత ముందుకు నడవాలి. పని చేయరానివారికి సోషల్ సెక్యూరిటీ నంబరు సాధారణంగా దొరకదు. అయితే భార్యాభర్తలు కలిసి పన్ను లెక్క దాఖలు చేసుకుంటే పన్ను తగ్గుతుంది. అందుకు భార్యకు ఏదో ఒక నంబరు వుండాలి. ఆ "ఏదో ఒక నంబరు" పేరే ఐటిన్. సోషల్ సెక్యూరిటీ నంబరుకు అర్హత లేనివారి పన్ను లెక్కలు నడపడానికి 1996లో దాన్ని పుట్టించారు. అంకెలు రెంటికీ తొమ్మిదే. కాని ఐటిన్‌లో మొదటి అంకె ఎప్పుడూ 9. మనిషిని అడగనక్కరలేదు, అంకె చూస్తే చాలు, ఎక్కడ నిలబెట్టాలో తెలిసిపోతుంది.

2019 మొదట్లో నేను వాళ్ళింట్లో వున్నాను. డబ్ల్యు-7 అనే ఫారం నింపి, పన్ను లెక్కకు జతచేసి పంపాలి. దానితోపాటు అసలు పాసుపోర్టు పంపాలి. లేదా దాన్ని ఇచ్చిన ప్రభుత్వమే ధ్రువపరచిన నకలు పంపాలి. పరాయిదేశంలో వున్న పిల్ల తన పాసుపోర్టును పోస్టులో వేసి వారాల తరబడి దిక్కులు చూడడం మాకు మనస్కరించలేదు. పాసుపోర్టును కళ్ళతో చూసి ధ్రువపరచడానికి అనుమతి పొందిన ఏజెంట్లు వుంటారు, రుసుము పుచ్చుకుంటారు. అలాంటి ఒకరి దగ్గరికి వెళ్ళాము.

అక్కడ మా పక్క కుర్చీలో ఒక మెక్సికో మనిషి కూర్చున్నాడు. హోటలు వంటింట్లో గిన్నెలు కడుగుతాడట. మా అల్లుడు వచ్చీరాని స్పానిష్‌లో పలకరించాడు. వీసా లేదని అతను దాచలేదు. చేతిలో డబ్ల్యు-7 వుంది. మరి ఎందుకు వచ్చావయ్యా అంటే, ఏనాటికైనా కాగితాలు ఇచ్చే చట్టం వస్తే, ఇన్నేళ్ళూ పన్ను ఎగవేయలేదని చూపించుకోవాలి గదా అన్నాడు. ఎమ్మెస్సీ చదివిన నా కూతురూ, గిన్నెలు కడిగే అతనూ అదే ఫారం మీద, అదే నంబరు కోసం సంతకాలు చేశారు.

ఇక "మా పన్నులు తింటున్నారు" అన్న వాదన సంగతి. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆన్ టాక్సేషన్ అండ్ ఎకనమిక్ పాలసీ 2024లో ప్రకటించిన అంచనా ప్రకారం, కాగితాలు లేని వలసదారులు 2022లో కట్టిన పన్నులు 9,670 కోట్ల డాలర్లు. అందులో 2,570 కోట్లు సోషల్ సెక్యూరిటీ నిధికి పోయాయి, అంటే వృద్ధాప్యంలో ఆ కష్టజీవులకు దక్కని పింఛను నిధికి. ఎవరు ఎవరిని తింటున్నట్టు?

మన హెచ్-1బి వీరులు ఇక్కడ నవ్వనక్కరలేదు. వాళ్ళ జీతంలోనూ అదే నిధికి 6.2 శాతం కోత పడుతుంది. దాదాపు పదేళ్ళ జమ లేకుండా వెనక్కి వస్తే పింఛను లేదు. ఇటువంటివారి జమ కలిపి లెక్కించే ఒప్పందం భారతదేశానికీ అమెరికాకూ మధ్య ఇంతవరకు లేదు.

2020 వచ్చింది. కరోనా రోజుల్లో అమెరికా ప్రభుత్వం మనిషికి 1,200 డాలర్లు, పిల్లలకు 500 చొప్పున ఇచ్చింది. మా అల్లుడి జీతం పరిమితి లోపలే. పిల్లవాడు అక్కడే పుట్టిన అమెరికా పౌరుడు. అయినా ఆ ఇంటికి ఒక్క డాలరు రాలేదు. చట్టంలో ఒక నిబంధన వుంది: కలిసి లెక్క దాఖలు చేసిన దంపతులలో (సైనికులను మినహాయించి) ఒకరిది ఐటిన్ అయినా ఇద్దరికీ లేదు, బిడ్డకూ లేదు. భార్య నంబరు తొమ్మిదితో మొదలైందని తొట్టెలోని పౌరుడికి కూడా శిక్ష! ఆ డిసెంబరులో వచ్చిన చట్టం దీన్ని కొంత సవరించింది. సోషల్ సెక్యూరిటీ నంబరు వున్నవారికి వారి వాటా దక్కేటట్టు చేసింది. ఐటిన్ మనిషి మాత్రం లెక్కలోకి రాలేదు. దంపతులిద్దరిదీ ఐటిన్ అయితే ఏమి జరిగిందో వేరే చెప్పాలా?

పన్నే వద్దంటావా అని అడిగే మిత్రులున్నారు. వద్దనడం లేదు. పన్నుతోనే బడి, పన్నుతోనే ఆసుపత్రి. నంబరు లేకుండా ఇంత పెద్ద రాజ్యం లెక్క నడవదు. నా పేచీ అంతా ఒకటే: పుచ్చుకునే చెయ్యి అందరినీ గుర్తుపట్టి, ఇచ్చే చెయ్యి కొందరినే గుర్తుపట్టడమేమిటి? 1921లో చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట, మాకు వద్దన్న మునిసిపాలిటీకి పన్ను కట్టబోమని ఇళ్ళు విడిచి రామనగరంలో పాకలు వేసుకున్నారు. పన్ను కట్టనని వూరు విడిచినవారు వాళ్ళు. పన్ను కడతాను, తీసుకోండి మహాప్రభో అని పరాయి వూళ్ళో బారులు తీరినవారు వీళ్ళు. వీళ్ళను దొంగలనడానికి మనకు నోరెలా వస్తుంది?

పైగా ఈ నిజాయితీకి ఇప్పుడు దక్కిన బహుమానం చూడండి. పన్ను లెక్క రహస్యమని, వేరే శాఖల చేతికి విచ్చలవిడిగా పోదని 1976 నాటి చట్టం. ఆ భరోసా మీదనే వాళ్ళు తమ అసలు చిరునామాలు రాసి ఇచ్చారు. 2025 ఏప్రిల్‌లో ఆ చిరునామాలను వలసదారులను పట్టుకునే శాఖకు అందించే ఒప్పందం కుదిరింది. ఆ వెంటనే పన్నుల శాఖ తాత్కాలిక అధిపతి రాజీనామా చేసింది, వ్యవహారం కోర్టులకెక్కింది. పన్ను ఎగవేసి చిరునామా రాయనివాడు ఈ వలకు చిక్కడు. రాసినవాడే చిక్కుతాడు. ఆ గిన్నెలు కడిగే మనిషి ఆనాడు ఫారం మీద తన వీధి పేరును తప్పు పోకుండా, కూడబలుక్కుంటూ రాయడం నాకింకా కళ్ళకు కట్టినట్టే వుంది.

సంక్రాంతినాటి ఆ మిత్రుణ్ణి నేను ఒక ప్రశ్న అడిగాను. ఆయన భార్య కూడా హెచ్-4 మీద ఏడేళ్ళు ఇంట్లో కూర్చున్న మనిషే. "ఆ ఏడేళ్ళూ అమ్మాయి నంబరు ఏ అంకెతో మొదలయ్యేది నాయనా?" అన్నాను.

లోపలి నుంచి ఆ అమ్మాయే జవాబు చెప్పింది. "తొమ్మిదండీ మాస్టారూ." ఆయన కాఫీ చల్లారిపోతున్నదన్నాడు.