శక్తిమంతమైన మోటారు సైకిళ్లు: పన్నుకు ఉన్న తేడా లైసెన్సుకు లేదు

2025 సెప్టెంబర్ 22వ తేదీతో దేశంలోని మోటారు సైకిళ్లు రెండు తరగతులుగా విడిపోయాయి. ఇంజను సామర్థ్యం 350 సి.సి. వరకు ఉన్న వాటిపై వస్తు, సేవల పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ పరిమితి దాటిన వాటిపై 40 శాతానికి చేరింది. అంతకుముందు ఈ పెద్ద వాహనాలపై 28 శాతం పన్ను, 3 శాతం పరిహార సుంకం ఉండేవి. పెద్ద మోటారు సైకిల్ సామాన్యుని అవసరం కాదని, అది విలాస వస్తువని కేంద్రం ఈ విధంగా తేల్చిచెప్పినట్లయింది. థర్డ్ పార్టీ బీమాలో ఈ తేడా పాతదే. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం 75 సి.సి. దాటి 150 సి.సి. మించని వాహనానికి ఏడాది ప్రీమియం 714 రూపాయలు కాగా, 350 సి.సి. దాటిన దానికి 2,804 రూపాయలు.

పన్ను అధికారికి, బీమా కంపెనీకి కనిపించిన ఈ తేడా లైసెన్సు జారీ చేసే రవాణా శాఖకు మాత్రం కనిపించదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 10వ సెక్షన్ మోటారు సైకిళ్లను రెండే రకాలుగా చూస్తుంది. గేరు లేనివి ఒక రకం, గేరు ఉన్నవి మరో రకం. 100 సి.సి. బండిపై పరీక్షా మైదానంలో 8 అంకె ఆకారంలో కాలు కింద పెట్టకుండా తిరిగిన 18 ఏళ్ల యువకుడు, అదే కార్డుతో మర్నాడు 1,340 సి.సి. సుజుకీ హయబుసాను రోడ్డెక్కించవచ్చు. ఆ వాహనం గంటకు 300 కిలోమీటర్ల వేగం దరిదాపులకు వెళ్లగలదన్న విషయంతో చట్టానికి నిమిత్తం లేదు.

చట్టం రూపొందిన కాలాన్ని బట్టి చూస్తే ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. అప్పట్లో దేశంలో వేగవంతమైన మోటారు సైకిళ్లను వేళ్లపై లెక్కించవచ్చు. 1983లో ఎస్కార్ట్స్ సంస్థ జపాన్‌కు చెందిన యమహా సహకారంతో మార్కెట్‌లోకి తెచ్చిన రాజ్‌దూత్ 350 వాటిలో ముఖ్యమైనది. 30 హార్స్‌పవర్ శక్తి గల ఆ రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ యంత్రం అప్పటి రోడ్లకు ఎక్కువే. జపాన్ నమూనాలో ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉండగా, ఇక్కడ ఖర్చు కలిసి వస్తుందని డ్రమ్ బ్రేకు అమర్చారు. శక్తిని కొంత తగ్గించడంతో పాటు ఆపే సాధనాన్ని కూడా తగ్గించారన్న మాట. పెట్రోలు విపరీతంగా తాగే ఆ వాహనానికి కొనుగోలుదారులు పెద్దగా దొరకలేదు. 1990 నాటికి దాని తయారీ ఆగిపోయింది. 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100 ఇంధన పొదుపును నమ్ముకుని మధ్యతరగతి ఇళ్లలో స్థిరపడింది. అదే ఏడాది వచ్చిన యమహా ఆర్.ఎక్స్. 100 మాత్రం కేవలం 11 హార్స్‌పవర్‌తోనే ఒక తరం కుర్రకారును ఉర్రూతలూగించింది.

2001లో బజాజ్ పల్సర్ రాకతో పరిస్థితి మారింది. 2007 చివరలో యమహా, మరుసటి ఏడాది సుజుకీ లీటరు సామర్థ్యం గల భారీ యంత్రాలను నేరుగా దిగుమతి చేసి అమ్మడం ప్రారంభించాయి. అవి సంపన్నులకే పరిమితం. అసలు మలుపు 2013లో వచ్చింది. బజాజ్ ఆటో పుణె సమీపంలోని చకన్ కర్మాగారంలో తయారుచేసిన కె.టి.ఎం. 390 డ్యూక్ దాదాపు 1.80 లక్షల రూపాయలకు మార్కెట్‌లోకి ప్రవేశించింది. దాని శక్తి 43 హార్స్‌పవర్. బరువు 150 కిలోల చిల్లర. ఒక తరం భారతీయ కుటుంబాలను మోసిన మారుతి 800 కారు శక్తి 40 హార్స్‌పవర్ లోపే. బరువు 600 కిలోలకు పైమాటే. అంటే కారును మించిన శక్తిని, కారు బరువులో నాలుగో వంతు ఉన్న వాహనంలో అమర్చి, నెలసరి వాయిదాలపై కాలేజీ విద్యార్థికి అందుబాటులోకి తెచ్చారు.

ఈ యంత్రాలపై మోజును ఒట్టి ఆడంబరంగా కొట్టిపారేయడం సరికాదు. కుడిచేతి మణికట్టు కాస్త తిప్పగానే శరీరం వెనక్కి జరగడం, మలుపులో బండితో పాటు మనిషీ ఒరిగి మళ్లీ నిటారుగా లేవడం, చెవుల్లో గాలి హోరు తప్ప మరేమీ వినిపించకపోవడం అనుభవించినవారు తేలిగ్గా మరచిపోలేరు. కారులో కూర్చున్నవానికి రోడ్డు అద్దం అవతల ఉంటుంది. మోటారు సైకిల్‌పై ఉన్నవాడు రోడ్డులో భాగమైపోతాడు. చిక్కు కూడా అక్కడే ఉంది. లీటరు ఇంజను గల వాహనం నిలిచిన చోటి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని సుమారు మూడు సెకన్లలో అందుకుంటుంది. జాతీయ రహదారులపై మోటారు సైకిళ్లకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం 80 కిలోమీటర్లు. ఆ హద్దును ఇది మొదటి గేరులోనే దాటిపోతుంది. చట్టాన్ని ఉల్లంఘిస్తున్నామన్న స్పృహ కలిగేలోగా ఉల్లంఘన పూర్తవుతుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న వాహనం ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు వెళుతుంది. 120 కిలోమీటర్ల వేగంలో 33 మీటర్లు. ప్రమాదాన్ని కన్ను గుర్తించి, చేయి బ్రేకు మీదికి చేరేసరికి ఆ దూరం ఎలాగూ పోయినట్లే. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఈలోగా సందులోంచి ఆటో రావచ్చు, డివైడర్ దాటి పశువు రావచ్చు, నిర్మాణ పనుల వద్ద ఒలికిన ఇసుక చక్రం కిందికి రావచ్చు. మన రోడ్లపై ఇవేవీ అరుదు కావు.

2021 సెప్టెంబర్‌లో హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి సమీపంలో సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ స్పోర్ట్స్ బైకు జారిపడినప్పుడు రోడ్డుపై ఇసుక, మట్టి విషయం చర్చకు వచ్చింది. తలకు హెల్మెట్ ఉండటం ఆయన ప్రాణాన్ని నిలబెట్టింది. పదేళ్ల క్రితం, 2011 సెప్టెంబర్‌లో, అదే నగరపు ఔటర్ రింగు రోడ్డుపై 1,000 సి.సి. వాహనం ప్రమాదానికి గురైనప్పుడు అదృష్టం కలిసిరాలేదు. క్రికెట్ మాజీ కెప్టెన్, అప్పటి లోక్‌సభ సభ్యుడు అజహరుద్దీన్ తన 19 ఏళ్ల కుమారుణ్ణి కోల్పోయారు. వెనుక కూర్చున్న బంధువుల బాలుడు కూడా మరణించాడు. 2023 మే నెలలో యమునా ఎక్స్‌ప్రెస్ వేపై ఒక యువ యూట్యూబర్ దుర్మరణం పాలయ్యాడు. గంటకు 300 కిలోమీటర్ల వేగాన్ని అందుకోవాలని ప్రయత్నిస్తుండగా ఈ ఘోరం జరిగిందని వార్తలు వచ్చాయి.

అయితే దేశంలోని రోడ్డు మరణాల భారాన్ని ఈ పెద్ద యంత్రాలపైనే మోపడం అన్యాయం. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. వీరిలో ఎక్కువమంది పనికీ, పొలానికీ వెళ్లే మామూలు 100, 125 సి.సి. బండ్లవారై ఉంటారన్నది ఊహకు అందనిది కాదు. రోడ్లపై ఉన్నవి అత్యధికం అవే. ఆ ఏడాది హెల్మెట్ లేకుండా చనిపోయినవారే 50,029 మంది. మరోవైపు మొత్తం మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే పడ్డాయి. శక్తిమంతమైన వాహనాన్ని శిక్షణ లేని చేతికివ్వడం ఈ రెండో జబ్బును పెంచే పనే.

పొరుగు దేశాలు దీనిని రకరకాలుగా ఎదుర్కొన్నాయి. బంగ్లాదేశ్ చాలాకాలం 165 సి.సి. దాటిన మోటారు సైకిళ్లను సాధారణ పౌరులకు దక్కనివ్వలేదు. స్థానికంగా తయారయ్యే వాటికి ఈ పరిమితిని 2023లో 375 సి.సి.కి పెంచింది. 2022లో విదేశీ మారకం కొరత ఏర్పడినప్పుడు నేపాల్ పెద్ద మోటారు సైకిళ్ల దిగుమతిని కొంతకాలం ఆపివేసింది. అది ఖజానా బాధే గాని రోడ్డు బాధ కాదు. ఇలాంటి నిషేధాలు మన దేశానికి నప్పవు. ద్విచక్ర వాహనాలను ఏటా లక్షల్లో ఎగుమతి చేసే పరిశ్రమ ఇక్కడ ఉంది.

సింగపూర్ పద్ధతి పరిశీలించదగినది. అక్కడ తొలి లైసెన్సు 200 సి.సి. వరకే చెల్లుతుంది. కనీసం ఏడాది గడిచాక మళ్లీ పరీక్షలో నెగ్గితే 400 సి.సి. వరకు, ఇంకో ఏడాది ఆగి మరో పరీక్షలో నెగ్గితే ఆపైన. ఐరోపా దేశాలు 2013 నుంచి సి.సి.తో సరిపెట్టుకోక ఇంజను శక్తిని ప్రధానంగా లెక్కలోకి తీసుకుంటున్నాయి. మధ్య స్థాయి లైసెన్సుకు హద్దు 35 కిలోవాట్లు. ఇది మనకు మరింత అవసరమైన పాఠం. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 శక్తి 20 హార్స్‌పవర్, కె.టి.ఎం. 250 డ్యూక్ శక్తి 30 హార్స్‌పవర్ చిల్లర. కొత్త పన్ను విధానంలో రెండూ 18 శాతం కిందికే వస్తాయి. ఇక విద్యుత్ మోటారు సైకిల్‌కు సి.సి. అన్నదే లేదు.

వేగం రుచి చూడదలచినవానికి చట్టబద్ధమైన చోటు కూడా దేశంలో కరువే. చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు, గ్రేటర్ నోయిడా ట్రాకులు ఉన్నా అవి కొద్దిమందికే అందుబాటులో ఉన్నాయి. అవీ ప్రమాదరహితం కావు. 2023 ఆగస్టులో చెన్నై ట్రాకుపై పోటీలో 13 ఏళ్ల బాలుడు మరణించాడు. ముంబయి-పుణె మార్గం వంటి ఎక్స్‌ప్రెస్ వేలపై ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. 300 కిలోమీటర్ల వేగంతో పోగల వాహనాన్ని చట్టబద్ధంగా అమ్మి, 80 మించకూడదని చెప్పి, ఉన్న మంచి రోడ్డుపైకి రానివ్వకపోవడం కాస్త వింతగానే ఉంటుంది.

యంత్రం విషయంలో ప్రభుత్వం చేయవలసింది కొంత చేసింది. 125 సి.సి. దాటిన కొత్త నమూనాలకు 2018 ఏప్రిల్ నుంచి, మిగిలిన వాటికి 2019 ఏప్రిల్ నుంచి, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఎ.బి.ఎస్. పరికరాన్ని తప్పనిసరి చేసింది. 2021 జూన్ నుంచి భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు లేని హెల్మెట్ల అమ్మకాన్ని నిషేధించింది. నడిపేవాని శిక్షణ వద్దకు వచ్చేసరికి ఆ చొరవ కనిపించదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని భారీగా సవరించి, జరిమానాలు పెంచి, మైనరు వాహనం నడిపితే సంరక్షకునికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు శిక్ష పడేలా నిబంధన చేర్చారు. గేరు ఉన్నవి, లేనివి అన్న వర్గీకరణను మాత్రం 1988లో ఉన్నచోటే ఉంచారు.