లేవీయకాండం తరఫున ఒక ఫిర్యాదు

ఆదికాండం 50 అధ్యాయాలు, నిర్గమకాండం 40. కొత్త సంవత్సరం నాడు బైబిలు మొదటి నుంచి పట్టుకున్నవాళ్లకు, రోజుకు మూడు అధ్యాయాలు చదివినా, జనవరి ఆఖరుకు లేవీయకాండం ఎదురవుతుంది. చాలామంది తీర్మానాలు అక్కడే చతికిలబడతాయి. కొందరు పుస్తకం మూసేస్తారు. కొందరు గబగబా పేజీలు తిప్పేసి యెహోషువ దగ్గర తేలుతారు. పాస్టరు గారికి చెబితే ఆయనా నవ్వేసి, "అదంతా ధర్మశాస్త్రం కదమ్మా, మనం కృప కింద ఉన్నాం" అంటారు. 27 అధ్యాయాల పుస్తకానికి మన సంఘాల్లో దక్కే మర్యాద అంతే. నా ఫిర్యాదు ఆ నవ్వు మీదే.

నెత్తురు, కొవ్వు, మూత్రపిండాలు, నెమరువేసేవి, డెక్క చీలినవి. పైపైన చూస్తే కనిపించేది ఇదే. మొదటి ఏడు అధ్యాయాల బలుల తతంగం ఓ పట్టాన కొరుకుడుపడదు, నిజమే. కానీ అయిదో అధ్యాయం ఉన్నదీ అందులోనే. పాపపరిహారానికి గొర్రెనో మేకనో తేవాలి. ఆ స్తోమత లేనివాడు రెండు గువ్వలు గానీ రెండు పావురపు పిల్లలు గానీ తేవచ్చు. వాటికీ గతిలేనివాడు తూములో పదో వంతు పిండి తెస్తే చాలు. పేదరికం దేవుడి గుమ్మం దగ్గర అడ్డు నిలవకూడదని ఆలోచించిన చట్టం ఇది. బాలింత తెచ్చే అర్పణకూ పన్నెండో అధ్యాయంలో ఇలాంటి వెసులుబాటే ఉంది. మరియ, యోసేపు పసివాడైన యేసును ఎత్తుకుని దేవాలయానికి వెళ్లినప్పుడు ఆ పక్షుల అర్పణ సంగతే లూకా రాశాడు. డిసెంబరు నెలంతా పశువుల తొట్టిని తలచుకుని కళ్లు తుడుచుకునేవాళ్లు ఈ పక్షుల ఊసు ఎందుకెత్తరో! ఎత్తితే లేవీయకాండం పేరు చెప్పాల్సి వస్తుంది మరి.

అసలు కడుపుమంట పందొమ్మిదో అధ్యాయం గురించి. దేవుడు పరిశుద్ధుడు కాబట్టి ప్రజలూ పరిశుద్ధులుగా ఉండాలన్న మాటతో అది మొదలవుతుంది. ఆ మాట యాజకులకు మాత్రమే చెప్పింది కాదు, సమాజం మొత్తానికి చెప్పింది. ఇక ధూపాలూ ఉపవాసాలూ వస్తాయేమో అనుకుంటాం. విశ్రాంతిదినం, సమాధానబలి నాలుగు ముక్కల్లో ముగించి ఆ అధ్యాయం నేరుగా పొలంలో దిగుతుంది. చేను అంచుల దాకా కోయకూడదు, పరిగె ఏరుకోకూడదు, ద్రాక్షతోటలో రాలిన పళ్లు పేదలకూ పరదేశులకూ వదిలేయాలి. కూలివాడి కూలి తెల్లవారేదాకా ఆపకూడదు. తీర్పు చెప్పేవాడు గొప్పవాడికి కొమ్ముకాయకూడదు, బీదవాడని జాలిపడి అటూ మొగ్గకూడదు. తల నెరిసినవాళ్లు ఎదురైతే లేచి నిలబడాలి. త్రాసులు, గుండ్లు, తూము, పడి సరిగ్గా ఉండాలి. చెవిటివాణ్ని తిట్టకూడదు, గుడ్డివాడి దారికి అడ్డం పెట్టకూడదు. చెవిటివాడికి ఆ తిట్టు వినపడదు, గుడ్డివాడికి అడ్డం పెట్టిందెవరో కనపడదు. పట్టుబడే ప్రమాదమే లేని ఆ తప్పుల దగ్గర దేవుడికి భయపడమని ఆ వచనం గుర్తుచేస్తుంది.

పొరుగువాణ్ని నీలాగే ప్రేమించాలన్న ఆజ్ఞ ఉన్నది కూడా ఈ అధ్యాయంలోనే, పద్దెనిమిదో వచనంలో. ఆ మాట సువార్తల్లో పుట్టిందని నమ్మేవాళ్లే మనలో ఎక్కువ. సొమ్మొకరిది, సోకొకరిది! ఇందులో యేసు తప్పేమీ లేదు. ధర్మశాస్త్రంలో గొప్ప ఆజ్ఞ ఏదని అడిగితే ఆయన ధర్మశాస్త్రంలోంచే తీసి చెప్పాడు. ప్రాచీన యూదు పండితుడు రబ్బీ అకీవా కూడా ధర్మశాస్త్రం మొత్తానికి మూలసూత్రం ఇదేనన్నాడు. ముప్ఫైనాలుగో వచనం ఇంకో అడుగు ముందుకు వేసి, ఐగుప్తులో మీరూ పరదేశులేనని గుర్తుచేస్తూ ఆ ప్రేమ పరదేశికీ చెందాలంటుంది. ఆ వచనం కంఠతా వచ్చినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

రూతు మీద మన స్త్రీల కూడికల్లో ఎన్ని ప్రసంగాలు! మోయాబు నుంచి వచ్చిన ఆ విధవరాలు బోయజు పొలంలో పరిగె ఏరుకుంటే బోయజు మంచితనాన్నే మెచ్చుకుంటాం. ఆమెను ఆ పొలంలోకి రానిచ్చిన హక్కు ఎక్కడిదని అడగం. తరవాతి యూదు పండితులు ఈ చేను అంచు కోసమే తమ చట్టాల సంకలనమైన మిష్నాలో ఒక విభాగం పెట్టి, వదలాల్సింది 60వ వంతుకు తగ్గకూడదని లెక్క కట్టారు. దాన్ని ధర్మం చేయడంగా కాక బాకీ తీర్చడంగా చూశారన్నమాట.

ఇక శుద్ధి, అశుద్ధి. ఇక్కడ మనవాళ్ల కోపానికి కారణం ఉంది. మడి, మైల, అంటు అనే మాటలతో తరతరాలు ఊరి బయట నిలబెట్టబడిన కుటుంబాల నుంచి వచ్చిన క్రైస్తవులకు 'అపవిత్రుడు' అన్న మాట చదవగానే ఒళ్లు మండుతుంది. మండాల్సిందే. కానీ లేవీయకాండంలో ఎవరూ ఫలానా కడుపున పుట్టినందుకు అపవిత్రులు కారు. కాన్పు, ముట్టు, వీర్యస్ఖలనం, చర్మవ్యాధి, శవాన్ని ముట్టుకోవడం అశుద్ధిని తెస్తాయి, వీటిలో ఏదీ పాపం కాదు. పిల్లల్ని కనడం దీవెన, చనిపోయినవాళ్లను పాతిపెట్టడం విధి. ఆ అశుద్ధి యాజకుడికీ తప్పదు. చాలా సందర్భాల్లో స్నానం చేసి పొద్దుగూకేదాకా ఆగితే పోతుంది. ఆలోగా దేవుడి గుడారం దగ్గరికి వెళ్లకూడదు, ప్రతిష్ఠితమైన ఆహారం తినకూడదు. చర్మవ్యాధి ఉన్నవాడు పాళెం బయట ఉండాలన్న నియమం కఠినమే. అయితే ఆ జబ్బు తగ్గిందో లేదో చూడ్డానికి యాజకుడే పాళెం దాటి వెళ్లాలి.

నీళ్లతో పోని మాలిన్యం వేరే ఉంది. వావివరసలు తప్పడం, పిల్లల్ని మోలెకు అనే దేవతకు బలివ్వడం, సంఖ్యాకాండంలో చెప్పిన నరహత్య ఆ కోవలోవి. ఈ మాలిన్యం ముట్టుకుంటే అంటదు, స్నానానికి పోదు. అది నేలకే పడుతుంది, నేల తన మీద ఉన్నవాళ్లను కక్కేస్తుంది. పరిశోధకుడు జొనాథన్ క్లావన్స్ 2000లో ఈ తేడా మీదే ఒక పుస్తకం రాశారు. ఒళ్లు మైలపడటాన్ని నడవడి చెడటంతో కలగాపులగం చేసింది చదివినవాళ్లే గానీ ఆ చట్టం కాదు.

మంచి సమరయుని కథ చెప్పేటప్పుడు ఈ కలగాపులగం పరాకాష్ఠకు చేరుతుంది. దోపిడీకి గురై కొనఊపిరితో ఉన్నవాణ్ని యాజకుడూ లేవీయుడూ దాటిపోయారు, మైలపడతామని భయం, అదీ ధర్మశాస్త్రం పని అంటూ ప్రసంగం సాగుతుంది. ఆ కథలో మైల మాటే లేదు. యాజకుడు యెరూషలేము నుంచి యెరికోకు దిగి వెళుతున్నాడు, గుడికి వెళ్లడంలేదు. శవం జోలికి పోకూడదన్న ఆంక్ష అహరోను వంశపు యాజకులకే గానీ లేవీయుడికి లేదు. దిక్కులేని శవం కనిపిస్తే ప్రధాన యాజకుడైనా పాతిపెట్టాల్సిందేనని మిష్నా అంటుంది. పైగా పడి ఉన్నవాడు బతికే ఉన్నాడు. పొరుగువాడి ప్రాణం పోతుంటే చూస్తూ నిలబడవద్దన్నదీ ఆ పందొమ్మిదో అధ్యాయమే. వాళ్లిద్దరినీ దోషులుగా నిలబెట్టే చట్టాన్నే మనం ముద్దాయిని చేశాం.

చదువుకున్నవాళ్లు చేసిన అన్యాయమూ తక్కువేం కాదు. ప్రవక్తల జీవం ఉట్టిపడే మతం ఈ యాజకుల చేతిలో ఎండిపోయిందని 1878లో యూలియస్ వెల్‌హౌజన్ రాసింది పడమటి విద్యాలయాల్లో చాలాకాలం చెలామణీ అయింది. తరవాత జేకబ్ మిల్‌గ్రోమ్ మూడు పెద్ద సంపుటాల వ్యాఖ్యానం రాశాకగానీ ఈ పుస్తకానికి కాస్త ఊపిరాడలేదు. ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు రక్తం ఎక్కడ చల్లుతున్నాడో చూడమన్నారాయన. చల్లేది పాపి మీద కాదు, కరుణాపీఠం మీద, దాని ఎదుట, బలిపీఠం మీద. సంతలో చేసిన మోసం తాలూకు మురికి అతిపరిశుద్ధ స్థలందాకా వెళ్లి పేరుకుంటుందని, శుద్ధి చేయాల్సింది దాన్నని ఆయన వివరణ. మోసం చేసినవాడు అసలుకు అయిదో వంతు కలిపి సొంతదారుకు తిరిగిచ్చాకే బలి తేవాలని ఆరో అధ్యాయం చెబుతుంది. దేవుడి దగ్గర ఏడ్చేస్తే లెక్క సరిపోతుందనుకునేవాళ్లకు ఆ అధ్యాయం నచ్చకపోవడంలో వింత లేదు.

ఈ పుస్తకంలో మింగుడుపడనివి లేవనను. అంగలోపం ఉన్న యాజకుడు బలిపీఠం దగ్గరికి రాకూడదు. అప్పులపాలైన సోదరుణ్ని సునాద సంవత్సరంలో విడిపించమన్న ఇరవైఅయిదో అధ్యాయమే అన్యజనుల్లోంచి కొన్న దాసుల్ని తరతరాలు ఉంచుకోవచ్చంటుంది. నేను వాటిని సమర్థించను. కానీ కీర్తనల్లో పగతీర్చుకునే మాటలున్నా కీర్తనలు పక్కన పెట్టలేదు కదా. లేవీయకాండానికే ఎందుకీ ప్రత్యేక శిక్ష?

యూదుల పాత ఆనవాయితీలో పసివాళ్ల చదువు మొదలయ్యేది ఈ పుస్తకంతోనే. మృతసముద్రం ఒడ్డున ఎన్‌గెదీలో 1970లో బొగ్గుగా మారిన గ్రంథపు చుట్ట ఒకటి దొరికింది. విప్పితే పొడైపోతుంది. 2015లో విప్పకుండానే స్కానింగ్ బొమ్మల సాయంతో చదివితే అది లేవీయకాండం మొదటి అధ్యాయం అని తేలింది. కాలిపోయినదాన్ని వాళ్లంత తంటాలుపడి చదివారు. మన దగ్గర ఉన్నది చక్కటి తెలుగు అచ్చులో ఉంది.

27 అధ్యాయాలూ అడగను. అయిదు, పందొమ్మిది, ఇరవైఅయిదు. ఈ మూడింటికీ మూడు ఆదివారాలు ఇవ్వండి చాలు. పందొమ్మిదో అధ్యాయం చదివే ముందు మాత్రం, చర్చి పైఅంతస్తు కడుతున్న మేస్త్రీకీ కూలీలకూ బాకీ ఏమైనా ఉంటే శనివారం సాయంత్రానికే తీర్చేయండి.